చెరువు కట్ట మీద మౌంటెన్ బైక్: మట్టి దారి స్వారీని మొదటి నుంచి నేర్చుకోవడం ఎలా

మౌంటెన్ బైక్ కొన్నవారిలో చాలామంది దాన్ని తారు రోడ్డు దాటించరు. ఎందుకని అడిగితే దగ్గరలో కొండలు లేవంటారు. కొండలు ఉండాల్సిన పనేమీ లేదు. ఊరి చెరువు కట్ట ఒకటి ఉంటే, మట్టి దారిలో నేర్చుకోవాల్సినవి దాదాపు అన్నీ అక్కడే నేర్చుకోవచ్చు. కట్ట మీద బండ్ల బాట ఉంటుంది. కిందికి దిగే ఏటవాలు ఉంటుంది. అలుగు దగ్గర రాళ్లు, వాగు వచ్చి కలిసే చోట ఇసుక, ఎండాకాలం వచ్చేసరికి చెరువు లోపల గట్టిపడిన నేల, గట్ల మీద పల్లేరు, కట్ట పొడవునా తుమ్మచెట్లు. పనిగట్టుకుని శిక్షణ మైదానం తయారు చేసినా ఇన్ని రకాల నేల ఒకచోట దొరకదు.

బెల్జియంలో ఫ్లాండర్స్ ప్రాంతం చాలావరకు చదునైన నేల. అయినా సైక్లోక్రాస్ అనే మట్టి దారి సైకిల్ పోటీకి గుండెకాయ అదే. పార్కుల్లో, పశువుల మేత బీళ్లలో, ఇసుక దిబ్బల మధ్య 2.5 నుంచి 3.5 కిలోమీటర్ల చుట్టు ఒకటి గీసి, దాని మీద గంటసేపు పోటీ పెడతారు. తొక్కలేనంత బురద వచ్చినా, మెట్లు అడ్డొచ్చినా దిగి, సైకిల్‌ను భుజాన వేసుకుని పరుగెత్తి మళ్లీ ఎక్కుతారు. మన దగ్గర మౌంటెన్ బైక్ తొక్కేవారు వాళ్ల నుంచి నేర్చుకోవలసినది చాలా ఉంది. ముఖ్యంగా ఆ దిగడం, ఎక్కడం, వాలుకు అడ్డంగా పోవడం.

పని ఒక వరుసలో చేయండి. ముందు టైరులో గాలి, తర్వాత సీటు, బ్రేకు మీటల అమరిక, ఆ తర్వాత ఆపడం, తిరగడం, దిగి పరుగెత్తడం. కాళ్ల సత్తువ పెంచే వ్యాయామం అన్నిటికన్నా చివర. అదుపు రాకముందే వేగం పెంచుకుంటే పడే దెబ్బ పెద్దదవుతుంది, అంతే.

ఏ సైకిల్ సరిపోతుంది

ముందు మాత్రమే షాక్ ఉన్న మౌంటెన్ బైక్, 27.5 లేదా 29 అంగుళాల చక్రాలు, డిస్క్ బ్రేకులు. ఇవి చాలు. తక్కువ ధరలో ముందూ వెనుకా షాక్‌లున్న సైకిల్ కనిపిస్తే దాని జోలికి వెళ్లవద్దు. బరువెక్కువ, వెనుక కీళ్లు త్వరగా వదులవుతాయి, భుజాన వేసుకోవడానికి ఫ్రేములో చోటుండదు. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు కొనగలిగితే మంచిది. లేకపోతే తీగతో పనిచేసే డిస్క్ బ్రేకులైనా సరే, తీగ బిగువు సరిచూసుకుంటూ ఉంటే బాగానే ఆపుతాయి. గేర్ల సంఖ్య చూసి మోసపోకండి. ముందు ఒకే పళ్ల చక్రం ఉన్న సైకిల్‌లో చైను తక్కువగా ఊడుతుంది.

హెల్మెట్ తప్పనిసరి. కనుబొమల మీద రెండు వేళ్ల ఎడం ఉండేలా, నుదురు కప్పేలా పెట్టుకోవాలి. చేతి తొడుగులు, తుమ్మకొమ్మల నుంచి కళ్లను కాపాడే అద్దాలు కూడా కావాలి. పెడల్స్ విషయంలో నా సలహా ఒకటే: మొదటి కొన్ని నెలలు బూటును పట్టి ఉంచే పెడల్స్ జోలికి పోవద్దు. పైన చిన్న మేకులున్న బల్లపరుపు పెడల్, చదునైన అడుగున్న బూటు వాడండి. కాలు ఎప్పుడు కావాలంటే అప్పుడు నేల మీద పెట్టవచ్చన్న ధైర్యం ఉంటేనే శరీరం నేర్చుకుంటుంది.

టైరులో గాలి: అన్నిటికన్నా ముందు

మీరు చేయగల మార్పుల్లో పైసా ఖర్చు లేనిది, ఫలితం ఎక్కువున్నది ఇదే. దుకాణంలో సైకిల్ ఇచ్చేటప్పుడు 50, 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టి పంపుతారు. టైరు పక్కన ముద్రించిన అంకె దాని గరిష్ఠ హద్దు మాత్రమే. అంత గాలితో కట్ట మీదికి వెళ్తే ప్రతి గులకరాయి మీదా చక్రం ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి పట్టు ఉండదు, బ్రేకు పనిచేయదు, మలుపులో జారుతుంది. గాలి తగ్గితే టైరు రాయి చుట్టూ నొక్కుకుని నేలను పట్టుకుంటుంది.

గేజి ఉన్న పంపు ఒకటి కొనండి. బొటనవేలితో నొక్కి చూడడం 40 పీఎస్‌ఐకీ 30కీ తేడా చెప్పదు. ట్యూబున్న 2.1 లేదా 2.25 అంగుళాల వెడల్పు టైరు, 70 కిలోల మనిషి అనుకుంటే ముందు 32, వెనుక 34తో మొదలుపెట్టండి. ఇలా చేయండి:

1. రాళ్లు, ఒక మలుపు, కొద్దిగా దిగుడు ఉన్న చిన్న చుట్టును ఎంచుకుని ఒకసారి తొక్కండి.
2. రెండు చక్రాల్లోనూ 2 పీఎస్‌ఐ తగ్గించి అదే చుట్టు, అదే వేగంతో మళ్లీ తొక్కండి.
3. రాయి మీద రిమ్ము 'టక్' మని తగిలిన చప్పుడు వినిపించినా, మలుపులో టైరు పక్కకు ఒరిగిపోతున్నట్టు అనిపించినా ఆగండి.
4. 2 పీఎస్‌ఐ తిరిగి నింపండి. అదే మీ అంకె. ఒక చిన్న కాగితపు పట్టీ మీద రాసి ఫ్రేముకు అంటించండి.

ఆ బరువున్న వారికి ట్యూబుతో సాధారణంగా ముందు 28, వెనుక 30 దగ్గర తేలుతుంది. 55 కిలోల వారికి మరో మూడు తగ్గుతుంది, 85 కిలోల వారికి మూడు నాలుగు పెరుగుతుంది. ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని టైరు) అయితే 20 నుంచి 24 దాకా దిగవచ్చు. మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోండి. 30 పీఎస్‌ఐ దగ్గర టైరు వేడి పది డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పెరుగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు సరిచూసిన టైరు, ఎండలో నిలిపి ఉంచాక మూడు పీఎస్‌ఐ దాకా గట్టిపడుతుంది.

సైక్లోక్రాస్ పెద్ద పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదన్న నియమం ఉంది. అంత సన్నని టైరుతో జారే బురదలో పోవాలి కాబట్టి, పోటీకి ముందు చుట్టు తిరిగి చూసి ఒకటి రెండు పీఎస్‌ఐ కోసం వాళ్లు తర్జనభర్జన పడతారు. మన దగ్గర రెండు అంగుళాలు దాటిన టైరు ఉంది. దాన్ని రాయిలా నింపి ఆ సౌలభ్యాన్ని పోగొట్టుకోవద్దు.

పల్లేరు, తుమ్మ, సర్కారు తుమ్మ

తెలుగు నేల మీద మట్టి దారి తొక్కేవారికి పెద్ద శత్రువు ముల్లు. వానలు వెనుకబట్టాక పల్లేరు కాయ ఎండి గట్ల మీద రాలుతుంది. ఎలా పడినా దాని ముల్లు ఒకటి పైకే ఉంటుంది. నల్లతుమ్మ ముల్లు పొడవుగా, తెల్లగా నేల మీద కనిపిస్తుంది, తప్పించుకోవచ్చు. సర్కారు తుమ్మ అలా కాదు. పొలాలకు కంచెగా నరికి పడేసిన కొమ్మలు ఎండి, చితికి, దారి మట్టిలో కలిసిపోతాయి. కంచె పక్క నుంచి పోయే బాటలో వీలైనంత నడిమి గుండా పోండి.

పంక్చరు పడితే చాలామంది ట్యూబుకు అతుకు వేసి ఎక్కించేస్తారు. పావుగంటలో మళ్లీ గాలి పోతుంది. ముల్లు మొన టైరులోనే ఉండిపోవడం దానికి కారణం. అందుకే టైరు లోపలి వైపంతా ఒక పాత నూలు గుడ్డతో నెమ్మదిగా తుడవండి. మొన ఎక్కడుంటే అక్కడ గుడ్డ పోగు చిక్కుకుంటుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది. దొరికిన మొనను బయటి నుంచి లోపలికి నెట్టి, చిన్న పట్టకారుతో లాగేయండి. ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా పూసి, మెరుపు పోయి మసకబారేదాకా ఆగి అప్పుడు అతుకు వేయండి. తడి మీద వేసిన అతుకు నిలవదు. ట్యూబు మీద చిల్లు ఒకటే ఉంటే అది ముల్లు. పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిందని అర్థం, గాలి మరీ తగ్గించారన్న మాట.

ట్యూబ్‌లెస్‌కు మారగలిగితే ముళ్ల బాధ చాలావరకు తీరుతుంది. దానికి పనికొచ్చే రిమ్ము, టైరు రెండూ ఉండాలి. మామూలు రిమ్ము మీద బలవంతాన ప్రయత్నించవద్దు, మలుపులో టైరు ఊడిపోతే ముఖం నేలకు కొట్టుకుంటుంది. రిమ్ము లోపల స్పోకుల రంధ్రాలు మూసేలా టేపు బిగుతుగా, బుడగలు లేకుండా చుట్టాలి. వాల్వు బిగించి, టైరు ఎక్కించి, ఒక్కో చక్రానికి 100 మిల్లీలీటర్ల దాకా సీలెంట్ (చిల్లులు మూసే రబ్బరు పాల ద్రవం) పోసి, ఒక్క ఊపున గాలి కొట్టాలి. టైరు అంచు రిమ్ములో కూర్చునేటప్పుడు 'టప్ టప్' మని చప్పుడు వస్తుంది. రెండు వైపులా అది వినిపించాక చక్రాన్ని అన్ని పక్కలకూ తిప్పి సీలెంట్ లోపలంతా అంటేలా చేయండి. తర్వాత ముల్లు దిగితే దాన్ని లాగేసి, ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రాన్ని తిప్పి కాసేపు ఉంచితే చాలు, రబ్బరు పాలు గడ్డకట్టి మూసేస్తాయి. మన వేడికి ఈ ద్రవం త్వరగా ఎండిపోతుంది. రెండు నెలలకోసారి తెరిచి చూసి, తక్కువైతే పోయండి. ట్యూబ్‌లెస్ కుదరని వారు వాల్వు లోపలి పిన్ను ఊడదీయగల ట్యూబు కొని, దానిలోనే సీలెంట్ పోసుకోవచ్చు. పల్లేరుకు అది బాగానే తట్టుకుంటుంది.

ఏది ఉన్నా, ఒక ట్యూబు, టైరు తీసే రెండు పట్టీలు, చిన్న పంపు వెంట లేకుండా కట్ట ఎక్కవద్దు. 2024 పారిస్ ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ పోటీలో బ్రిటన్ సైక్లిస్టు టామ్ పిడ్‌కాక్‌కు సగం దారిలో ముందు చక్రం పంక్చరైంది. చక్రం మార్పించుకుని, వెనుకబడి, చివరి చుట్టులో ముందున్నవాణ్ని దాటి బంగారు పతకం గెలిచాడు. ఆయనకు మెకానిక్ ఉన్నాడు. తుమ్మచెట్ల నడుమ మీకు మీరే మెకానిక్.

సీటు, బ్రేకు మీటలు

సీటు మీద కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. మోకాలు నిటారుగా రావాలి. అదే సీటు ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. దిగుడుకు వెళ్లే ముందు మాత్రం సీటును నాలుగైదు సెంటీమీటర్లు దించండి. సీటు కింద ఉన్న బిగింపు మీట దీనికోసమే. అసలు ఎత్తును మార్కర్‌తో గీత గీసి గుర్తు పెట్టుకోండి.

బ్రేకు మీటలు ముంజేతికి తిన్నగా, కొద్దిగా కిందికి వంగి ఉండాలి. ఒక్క చూపుడు వేలితో నొక్కేలా వాటిని హ్యాండిల్ మీద లోపలికి జరపండి. మిగతా వేళ్లు హ్యాండిల్‌ను వదలకూడదు. ఇంకో మాట. మన దేశంలో అమ్మే సైకిళ్లలో సాధారణంగా కుడి మీట ముందు చక్రానిది. ఐరోపాలో, అమెరికాలో ఎక్కువగా ఎడమది. అక్కడివారి వీడియోలు చూసి నేర్చుకునేవారు, అక్కడ సైకిల్ కొనే మనవాళ్లు మొదటి రోజే ఈ తేడా చూసుకోవాలి. సైకిల్‌ను నడిపిస్తూ ఒక్కో మీట నొక్కి చూడండి.

నిలబడడం, ఆపడం, తిరగడం

మట్టి దారిలో సీటు విశ్రాంతికే. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట రెండు పెడల్స్ సమానంగా, నేలకు సమాంతరంగా ఉంచి వాటి మీద నిలబడండి. మోకాళ్లు, మోచేతులు వంగి బయటికి తిరిగి ఉండాలి, గడ్డం హ్యాండిల్‌కు దగ్గరగా. బరువంతా పాదాల్లో ఉండాలి. సరిగా నిలబడ్డారో లేదో తెలుసుకోవడానికి అరచేతులు హ్యాండిల్ మీద నుంచి రవ్వంత ఎత్తి చూడండి. ముందుకో వెనక్కో పడబోతే నిలబడడం తప్పు. బాగా వెనక్కి వంగి కూర్చుంటే భద్రం అనుకుంటారు. అప్పుడు ముందు చక్రం మీద బరువు పోయి హ్యాండిల్ తిప్పినా సైకిల్ తిరగదు.

చూపు ముందు చక్రం మీద వద్దు. మూడు నాలుగు క్షణాల తర్వాత మీరు ఎక్కడుంటారో అక్కడ చూడండి. తప్పించుకోవాల్సిన రాయినే చూస్తూ ఉంటే సైకిల్ దాని మీదికే వెళ్తుంది. రాయి పక్కనున్న ఖాళీని చూడండి.

ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. దానికి భయపడి వెనుక బ్రేకు ఒక్కటే నొక్కేవారు మొరం మీద చక్రం ఈడ్చుకుపోతూ ఆగుతారు, బాటను కూడా గీకేస్తారు. కట్ట మీద తిన్నని చోట ఇలా సాధన చేయండి. ఒక గుర్తు దగ్గర నుంచి మొదట వెనుక బ్రేకు మాత్రమే నొక్కి ఎంత దూరంలో ఆగారో చూడండి. తర్వాత ముందు బ్రేకును మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కుతూ, మడమలు కిందికి దించి, నడుము కాస్త వెనక్కి తెచ్చి ఆపండి. చివరికి రెండూ కలిపి. తేడా మీ కళ్లకే కనిపిస్తుంది. కొత్త డిస్క్ ప్యాడ్‌లైతే ముందుగా ఒక మోస్తరు వేగంలో ఇరవై సార్లు దాకా నెమ్మదిగా, పూర్తిగా ఆగకుండా నొక్కి వదిలితే పట్టు వస్తుంది. డిస్కుకు చైను నూనె తగలనివ్వవద్దు.

మలుపు రాకముందే బ్రేకు పని ముగించాలి. మలుపులోకి వెళ్లాక బ్రేకు వదిలేయండి. టైరుకున్న పట్టు కొంతే. దాన్ని ఆగడానికి ఖర్చు చేస్తే తిరగడానికి మిగలదు. బయటి వైపు పెడల్‌ను కిందికి తెచ్చి దాని మీద బరువు మోపండి. ఒంటిని నిటారుగా ఉంచి, కింద సైకిల్‌ను మాత్రం లోపలికి వంచండి. వదులు మొరం మీద ఇది ప్రాణం.

కట్ట ఏటవాలు మీద అడ్డంగా పోవడం సైక్లోక్రాస్‌లో చాలా కష్టమైన విద్య. దీనికి చెరువు వైపున్న రాతి కట్టుడు పనికిరాదు, రాళ్లు కదులుతాయి, కట్టకూ చేటు. బయటి వైపు, గడ్డి పట్టిన వాలు ఎంచుకోండి. నేల పొడిగా ఉన్నప్పుడే తొక్కండి. వాన తడి మీద చక్రాలు వేసిన గాడిలో తర్వాత నీరు పారి కట్ట కోసుకుపోతుంది. చేరవలసిన చోటికన్నా పైనుంచి ప్రవేశించండి, ఎందుకంటే సైకిల్ కొంతైనా కిందికి జారుతుంది. పల్లం వైపు పెడల్ కింద, గట్టు వైపు పెడల్ పైన. లేకపోతే పెడల్ వాలుకు తగిలి పడిపోతారు. ముందు బ్రేకు ముట్టుకోవద్దు. తొక్కాల్సి వస్తే అర చుట్టు తొక్కి మళ్లీ అదే స్థితికి రండి. జారుతున్నట్టు అనిపిస్తే గట్టు వైపు పాదాన్ని నేలకు ఆనించండి.

ఇసుకకు సూత్రం వేరు. దానిలోకి దిగేముందే ఒకటి రెండు గేర్లు బరువుగా వేసుకుని, వేగంతో ప్రవేశించి, బరువు కాస్త వెనక్కి తెచ్చి, చేతులు వదులుగా ఉంచి ఆగకుండా తొక్కండి. ముందు చక్రం అటూఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. గట్టిగా పట్టుకుని తిప్పబోతే కూరుకుపోతుంది. ఎక్కుడుకు తేలిక గేరు వాలు రాకముందే వేయాలి. సీటు ముక్కు మీదికి జరిగి ఛాతీని కిందికి వంచితే ముందు చక్రం లేవదు, వెనుక చక్రం జారదు.

అలుగు పారుతున్నప్పుడు మాత్రం ఎంత తక్కువ నీరున్నా, ఎంత తొందరున్నా దాని మీదుగా సైకిల్ పోనివ్వవద్దు. పాచి పట్టిన బండ మీద పాదమైనా, టైరైనా నిలవదు. చుట్టు తిరిగి వెళ్లండి.

దిగి పరుగెత్తడం

మౌంటెన్ బైక్ తొక్కేవారు దీన్ని చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం మన దారులకు ఇంతకన్నా పనికొచ్చే విద్య కనిపించదు. తెగిన గట్టు, పడిపోయిన చెట్టు, గొర్రెల మంద, తొక్కలేని ఎక్కుడు, అన్నిటికీ ఇదే. కుక్కలు వెంటపడ్డప్పుడు కూడా పారిపోవడం కన్నా చప్పున దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య ఉంచి నెమ్మదిగా నడవడం మేలు.

గడ్డి నేల మీద, నడక వేగంలో మొదలుపెట్టండి. ఎప్పుడూ ఎడమ వైపే దిగాలి, చైను కుడి వైపున ఉంటుంది కాబట్టి.

1. అడ్డంకికి పది మీటర్ల ముందే వేగం తగ్గించి, ఎక్కేటప్పుడు కావలసిన తేలిక గేరు ఇప్పుడే వేసుకోండి.
2. బరువు ఎడమ పెడల్ మీదికి తెచ్చి, కుడి కాలిని సీటు వెనుక నుంచి ఎడమ వైపుకు తిప్పండి. ఒక క్షణం ఎడమ పెడల్ మీద నిలబడి ప్రయాణిస్తారు.
3. కుడి చేతిని హ్యాండిల్ నుంచి తీసి ఫ్రేము పై గొట్టాన్ని పట్టుకోండి. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీదే, బ్రేకు దగ్గరే ఉంటుంది.
4. కుడి పాదం నేలను తాకగానే ఎడమ పాదాన్ని పెడల్ నుంచి తీసి పరుగు అందుకోండి. రెండు పాదాలూ కలిపి దూకవద్దు, మోకాలికి దెబ్బ.
5. అడ్డంకి దగ్గర సైకిల్‌ను పై గొట్టం పట్టి ఎత్తి దాటించండి. పెడల్ కాలికి తగలకుండా ఒంటికి కాస్త ఎడంగా పట్టుకోండి.

ఎక్కడం ఇలా: రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, పరుగు ఆపకుండా ఎడమ కాలితో నేలను తన్ని, కుడి కాలిని సీటు మీదుగా వేయండి. సీటు మీద పడవలసినది కుడి తొడ లోపలి భాగం. అక్కడి నుంచి మధ్యకు జారాలి. పైకి ఎగిరి కూర్చోబోతే నొప్పి తప్పదు. ఎత్తుకు కాదు, ముందుకు దూకండి. ఎక్కే ముందు ఆగి ఒక చిన్న గెంతు వేసే అలవాటు అందరికీ ఉంటుంది. అది పోయేదాకా నడక వేగంలోనే సాధన చేయండి.

నిటారు వాలు ఎక్కాల్సి వస్తే సైకిల్ భుజానికెత్తాలి. నీళ్ల సీసా తీసేసి, కుడి చేతిని ఫ్రేము మధ్య ఖాళీలో దూర్చి, పై గొట్టాన్ని భుజం మీద వేసుకుని, అదే చేత్తో హ్యాండిల్ ఎడమ కొసను పట్టుకోండి. అప్పుడు ముందు చక్రం ఊగి ముఖానికి తగలదు. సైక్లోక్రాస్ పోటీ సైకిల్ ఎనిమిది కిలోల దగ్గర ఉంటుంది, మన మౌంటెన్ బైక్ పదమూడు, పద్నాలుగు. భుజం మీద ఒక చేతి రుమాలు మడతపెట్టుకుంటే గొట్టం ఒరుసుకోదు.

ఇక రేగడి. తడి రేగడి మట్టి చక్రానికి అంటుకుని, ఫోర్కు దగ్గర పేరుకుని, చివరికి చక్రం తిరగకుండా పట్టేస్తుంది. అప్పుడూ తొక్కితే వెనుక గేరు పరికరం వంగి స్పోకుల్లోకి పోతుంది, అది పెద్ద ఖర్చు. ఐరోపాలో పోటీదారుకు రెండో సైకిల్ సిద్ధంగా ఉంటుంది. చుట్టులో ఒక చోట సైకిల్ మార్చుకుంటే, మురికిదాన్ని సహాయకులు నీళ్లతో కడిగి మళ్లీ అందిస్తారు. మనకు ఆ వీలు లేదు. కాబట్టి బయలుదేరే చోట నేల మీద చెప్పుతో పది అడుగులు వేయండి. మట్టి చెప్పుకు పొరలుగా అంటుకుంటే ఆ రోజు ఎర్ర నేలల వైపు, మొరం బాట వైపు వెళ్లండి. అవి ఒక్క రోజు ఎండకే ఆరతాయి. రేగడికి రెండు మూడు రోజుల గట్టి ఎండ కావాలి.

మీ చుట్టు గీసుకోండి

కిలోమీటరు, కిలోమీటరున్నర చుట్టు చాలు. కట్ట మీద తిన్నని పరుగు, ఒక దిగుడు, కింద గడ్డి వాలు మీద అడ్డంగా కొంత దూరం, ఇసుక దొరికితే ఇసుక, దిగి పరుగెత్తి ఎక్కవలసిన ఒక ఎక్కుడు. అడ్డంకి కోసం రెండు పాత కర్రలను నాలుగు మీటర్ల ఎడంతో నేల మీద పరచండి. పోటీల్లో అడ్డంకిగా పెట్టే పలకలు 40 సెంటీమీటర్ల ఎత్తు దాకా ఉంటాయి, మీరు ఒక అడుగు లోపు మొదలుపెట్టినా చాలు. పంట పొలం గట్టు తొక్కవద్దు, పంట లేనప్పుడైనా రైతును అడిగాకే వెళ్లండి. మొదటి చుట్టు ఎప్పుడూ నడిచి తిరగండి. రాత్రికి రాత్రి తెగిన గట్టు, కొత్తగా వేసిన ముళ్లకంచె, గడ్డిలో పాము, ఇవన్నీ నడిస్తేనే కనిపిస్తాయి.

కట్ట మీద ధీమా వచ్చాక అడవి దారులకు వెళ్లాలనిపిస్తుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి గానీ, విశాఖ పక్కన కంబాలకొండ గానీ అటవీ శాఖ పరిధిలోని నేలలు. ఏ బాటలో సైకిల్‌కు అనుమతి ఉందో అక్కడి సిబ్బందిని అడిగి వెళ్లండి.

వారం ఎలా గడపాలి

మొదటి మూడు వారాలు శ్రమ వద్దు. వారంలో నాలుగు రోజులు తొక్కండి. రెండు రోజులు ఫోనులో మాట్లాడగలిగేంత తేలిగ్గా గంటసేపు, ఒక రోజు నలభై నిమిషాలు పైన చెప్పిన విద్యలే, ఆదివారం రెండు గంటలు మట్టి దారుల్లో. నాలుగో వారం తేలిక పరచండి.

ఐదో వారం నుంచి తేలిక రోజుల్లో ఒకదాన్ని మార్చండి. పావుగంట ఒళ్లు వేడెక్కించాక, 30 సెకన్లు గట్టిగా, 30 సెకన్లు మెల్లగా, ఇలా ఎనిమిది సార్లు. ఐదు నిమిషాలు విశ్రాంతి, మళ్లీ ఎనిమిది. మట్టి దారి శ్రమ ఇలాగే వస్తుంది, ఒక ఊపు, ఒక ఊపిరి. ఎనిమిదో వారం దాటాక ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడలేనంత వేగంలో ఐదేసి నిమిషాలు మూడు సార్లు, మధ్యలో నాలుగేసి నిమిషాల విరామం. మీ చుట్టు మీదే చేయండి. అలిసిపోయినప్పుడు మలుపు ఎలా తిరుగుతున్నారో, ఎలా దిగుతున్నారో అప్పుడే తెలుస్తుంది. గట్టి శ్రమ వారంలో రెండు సార్లకు మించనివ్వవద్దు. ప్రతి నాలుగో వారం సగానికి తగ్గించండి.

ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండెక్కకముందే ఇంటికి చేరండి. గంటకు కనీసం అర లీటరు, ఉక్కపోత ఉంటే ముప్పావు లీటరు నీరు తాగాలి. గంట దాటే స్వారీలో ఉత్త నీరు చాలదు, సీసాలో ఓఆర్‌ఎస్ కలుపుకోండి. గంటకు రెండు అరటిపళ్లు గానీ, కొన్ని ఖర్జూరాలు గానీ తినండి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. తిరిగొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ. తల తిరిగినా, చెమట పట్టడం ఆగినా, ఎండలో చలి వేసినట్టు అనిపించినా వెంటనే నీడలో ఆగి ఒళ్లు తడుపుకోండి, ఎవరికైనా ఫోను చేయండి. ఆ స్థితిలో ఒంటరిగా ఇంటిదాకా తొక్కే ప్రయత్నం వద్దు.

ఇంటికొచ్చాక

మట్టి ఆరకముందే బకెట్ నీళ్లు, మెత్తటి బ్రష్షుతో కడగండి. వాహనాలు కడిగే చోట వేగంగా చిమ్మే నీటితో కడిగిస్తే బేరింగుల్లోకి నీరు పోయి గ్రీజు కొట్టుకుపోతుంది. చైనును గుడ్డతో పొడిగా తుడిచి, ప్రతి కీలు మీదా ఒక్కో చుక్క నూనె వేసి, వెనక్కి తిప్పి, పది నిమిషాలయ్యాక పైన మిగిలిన నూనెను పూర్తిగా తుడిచేయండి. పైన మెరుస్తూ మిగిలిన నూనె దుమ్మును పట్టి చైనును అరగదీస్తుంది. ఎండాకాలపు దుమ్ములో మైనం రకం, వానాకాలంలో జిగురు రకం నూనె వాడండి.

నెలకోసారి అంగుళాల స్కేలుతో చైను కొలవండి. ఒక పిన్ను మధ్య నుంచి పన్నెండు అంగుళాల దగ్గర సరిగ్గా మరో పిన్ను మధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటి సాగిందంటే చైను మార్చే సమయం వచ్చింది. ఇప్పుడు మారిస్తే చైను ఒక్కటే ఖర్చు. ఆలస్యం చేస్తే వెనుక పళ్ల చక్రాలన్నీ మార్చాలి. పడిపోయిన రోజు మాత్రం వెనుక నుంచి సైకిల్‌ను చూసి, గేరు పరికరం వేలాడే చిన్న లోహపు ముక్క చక్రానికి సమాంతరంగా ఉందో లేదో గమనించండి. వంగి ఉంటే అతి తేలిక గేరు వేయకుండా ఇంటికి రండి. మీ సైకిల్‌కు సరిపోయే ఆ ముక్క ఒకటి అదనంగా కొని సంచిలో ఉంచుకోండి. ఒక్కో సైకిల్‌కు ఒక్కో ఆకారంలో ఉంటుంది, అవసరమైన రోజు ఏ దుకాణంలోనూ దొరకదు.